పుట్టింటి ఆసరా లేని తల్లి భయం

'మసూద' 2022 నవంబరు 18న విడుదలైన తెలుగు భయానక చిత్రం. దర్శకుడు సాయికిరణ్‌కు ఇదే తొలి సినిమా. నిర్మాత రాహుల్ యాదవ్ నక్కా అంతకుముందు తీసిన 'మళ్ళీ రావా' (2017), 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' (2019) కూడా కొత్త దర్శకుల చేతిలో పెట్టినవే. 'మసూద'లో పెద్ద తారలెవరూ లేరు. కథ భారమంతా మోసింది సంగీత పోషించిన నీలం అనే తల్లి పాత్ర.

నీలం టీచరు. భర్తకు దూరమై కూతురు నాజియాతో అపార్ట్‌మెంటులో ఉంటుంది. నాజియా తీరు ఉన్నట్టుండి మారిపోతుంది. ఆ వేళ నీలం తలుపు తట్టగలిగింది పక్కింటి గోపిదే. తిరువీర్ నటించిన ఈ గోపి చీటికీమాటికీ జంకే కుర్రాడు. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని అవస్థను ఆ తల్లి పరాయివాడి ముందు పెట్టాల్సి రావడం సినిమాలో అన్నిటికన్నా బలమైన ఘట్టం. నాజియాను పట్టిన ఆత్మ పూర్వకథ మొదలయ్యాక తాయెత్తుల, తంతుల హడావుడి పెరిగి తల్లి వేదన కొంత పలచబడింది.

అండ లేని తల్లి భయం ఎంత లోతైనదో తెలియాలంటే పల్లె వాడుక చూడాలి. మిగతా తెలుగు పల్లెల్లో లాగే ఏలూరు, తాడేపల్లిగూడెం పరిసరాల్లోనూ, కొల్లేటి లంకల్లోనూ తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకెళ్లడం ఆనవాయితీ. బాలింతకు కాయం తినిపిస్తారు, పథ్యం పెడతారు, గాలి సోకకుండా గుమ్మానికి వేపరెమ్మలు కడతారు, తల కింద ఇనుప ముక్క ఉంచుతారు. వేపరెమ్మ సంగతి ఎలా ఉన్నా, బాలింతను ఒంటరిగా వదలకూడదన్న నియమం మాత్రం నిజంగా మేలు చేసేది. తల్లి, పిన్ని, అమ్మమ్మ ఎవరో ఒకరు పక్కనే ఉంటారు. తల్లి చుట్టూ ఉండే ఈ ఆడవాళ్ల అండను తీసేసిన చోటే ఇలాంటి సినిమాలు మొదలవుతాయి.

కాన్పు తర్వాతి ఈ కాలాన్ని వైద్యులూ తేలికగా తీసుకోరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం వర్ధమాన దేశాల్లో కాన్పయిన స్త్రీలలో దాదాపు 20 శాతం మంది మానసిక సమస్యకు, ముఖ్యంగా కుంగుబాటుకు లోనవుతారు. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి మతిభ్రమణమూ రావచ్చు. లేని గొంతులు వినిపిస్తాయి, నిద్ర పట్టదు, బిడ్డకు ఎవరో కీడు తలపెట్టారని అనిపిస్తుంది. ఆసుపత్రి చికిత్సతో ఇది నయమవుతుంది. దెయ్యమనుకుని భూతవైద్యుడి దగ్గర రోజులు గడిపితే తల్లికీ బిడ్డకూ ప్రమాదం.

ఒంటరి తల్లి భయాన్నే కథగా చేసుకున్న సినిమాలు ఇంకా ఉన్నాయి. అశ్విన్ శరవణన్ తొలి చిత్రం, 2015 నాటి తమిళ 'మాయ' తెలుగులో 'మయూరి'గా వచ్చింది. నయనతార అందులో అప్సర. భర్తకు దూరమై, పసిబిడ్డతో, అప్పులతో సతమతమయ్యే నటి. అడవిలోని పిచ్చాసుపత్రిలో బిడ్డకు దూరమై చనిపోయిన మాయ ఆత్మ ఆమెను వెంటాడుతుంది. చివరికి అప్సరే మాయ కూతురని తేలుతుంది. అంతసేపూ మనల్ని భయపెట్టిన ఆత్మ బిడ్డను వెతుక్కుంటున్న తల్లి అని తెలియగానే భయం జాలిగా మారిపోతుంది.

ఆస్ట్రేలియా దర్శకురాలు జెన్నిఫర్ కెంట్ 2014లో తీసిన 'ది బాబడూక్' ఇదే దారిలో ఇంకా ముందుకు వెళ్లింది. అందులో అమీలియాను కాన్పుకు ఆసుపత్రికి తీసుకెళ్తూ భర్త కారు ప్రమాదంలో చనిపోతాడు. ఆ రోజే పుట్టిన కొడుకును ఆమె ఒక్కతే పెంచుతుంది. తోడబుట్టినదీ దూరం జరుగుతుంది. ఇక్కడా ఆసరా పక్కింటి మనిషే, ఒక ముసలావిడ. బొమ్మల పుస్తకంలోంచి వచ్చిన బాబడూక్ అనే భూతం నిజమో, నిద్రలేని తల్లి మనసులో పుట్టిందో సినిమా తేల్చి చెప్పదు. కొడుకును చంపబోయే దాకా వెళ్లేది అమీలియా చేతులే. 'మసూద'లో నీలం వల్ల కూతురికి ఏ ముప్పూ లేదు, కీడంతా బయటినుంచి వచ్చినదే. తల్లి మనసులోనే ముప్పు ఉండవచ్చన్న మాటను కెంట్ తీసుకున్నంత చొరవతో 'మసూద' ముట్టుకోలేదు.