మెత్తని కమానా, గట్టి కమానా?

లారీ కిందకి వంగి చూస్తే వెనక చక్రాల దగ్గర ఇనప పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చి బిగించి ఉంటాయి. పైన పొడుగుది, కిందకి పోను పోను పొట్టివి. వాటినే డ్రైవర్లు కమాను కట్టలు అంటారు. కమాను అంటే ఉర్దూలో విల్లు. మన తాతల విల్లు వంగినట్టే ఆ పట్టీలు బరువుకి వంగుతాయి, బరువు తీస్తే లేస్తాయి. పాత మహీంద్రా జీపులకి నాలుగు చక్రాలకీ కమాను కట్టలే. మారుతీ ఓమ్నీ వ్యానుకి ముందర చుట్టల స్ప్రింగు, వెనక కమాను పట్టీలు. ఇప్పటి చిన్న కార్లకి ఎక్కువగా నాలుగు వైపులా చుట్టల స్ప్రింగులే.

ఈ సంగతి నాకెందుకంటే, మా అన్న కోనసీమలో కొత్తపేట దగ్గర పాత ఓమ్నీ తోలుతాడు. మనుషుల్ని ఎక్కిస్తాడు, కిరాయి లేనప్పుడు కొబ్బరి బస్తాలు వేస్తాడు. బస్తాలు వేస్తే వెనక భాగం కుంగిపోతోంది. మెకానిక్కు "ఇంకో పట్టీ వేయించు, గట్టిగా ఉంటుంది, రెండు బస్తాలు ఎక్కువ వేసుకోవచ్చు" అన్నాడంట. కానీ మా వదినకి ఏడో నెల. అమలాపురం ఆసుపత్రికి నెలనెలా ఆ బండిలోనే వెళ్లాలి. పట్టీ వేయించాలా వద్దా అని దసరా సెలవుల్లో ఇంట్లో రోజూ ఇదే మాట. నేను తెలుసుకున్నది మీకోసం రాస్తున్నాను.

మనకి తెలిసిన కావడితో మొదలు పెడతాను. కావడి బద్ద మరీ గట్టిదైతే ప్రతి అడుగుకీ భుజం మీద కొట్టినట్టు ఉంటుంది. మరీ మెత్తని వెదురైతే కుండలు పైకీ కిందకీ ఊగి మనల్నే లాగేస్తాయి, వాలులో దిగేటప్పుడు కాలు నిలవదు. భుజానికి సుఖం కావాలి, కాలికి పట్టు కావాలి. కారులో కూడా ఇదే తగువు. కూర్చున్నవాళ్లకి సుఖం, తోలేవాళ్లకి పట్టు.

ముందు సుఖం సంగతి. కణాన్ని 1665లో చూసిన రాబర్ట్ హుక్ గురించి మనం బయాలజీలో చదివాం కదా. ఆయనే 1678లో స్ప్రింగు సూత్రం కూడా ప్రచురించాడు. బరువు రెట్టింపైతే సాగడం కూడా రెట్టింపు అవుతుందని. కమాను కుంగడం కూడా దాదాపు అంతే. ఎన్ని సెంటీమీటర్లు కుంగిందో తెలిస్తే బండి నిమిషానికి ఎన్నిసార్లు ఎగిరి దిగుతుందో చెప్పవచ్చు. 300 ని ఆ సెంటీమీటర్ల వర్గమూలంతో భాగిస్తే చాలు. 4 సెంటీమీటర్లు కుంగితే 150 సార్లు. 9 కుంగితే 100. 16 కుంగితే 75. వర్గమూలాలు ఎందుకు పనికొస్తాయి అనుకునేదాన్ని, ఇక్కడ పనికొచ్చాయి.

మనిషి ఒంటికి నిమిషానికి 60 నుంచి 90 సార్లు ఊగడం అంత ఇబ్బంది కాదు. చాలా నెమ్మదిగా, నిమిషానికి పది పదిహేనుసార్లు ఊగితే కడుపులో తిప్పుతుంది. సెకనుకి నాలుగు నుంచి ఎనిమిదిసార్లు అదిరితే నడుముకీ కడుపుకీ అన్నిటికన్నా చెడ్డ.

మా అన్న వ్యానుకి వెనక మూడు పట్టీలు ఉన్నాయి. నలుగురు పెద్దవాళ్లని వెనక ఇరుసు మీద పడేలా కూర్చోబెట్టి టేపుతో కొలిచాం. నలుగురూ కలిపి 200 కిలోలు, బండి 4 సెంటీమీటర్లు దిగింది. అంటే సెంటీమీటరుకి 50 కిలోలు. ఖాళీ బండిలో ఆ కమానుల మీద సుమారు 300 కిలోలు ఉంటుంది అనుకుంటే 6 సెంటీమీటర్లు, అంటే నిమిషానికి 122 సార్లు. నలుగురు ఎక్కితే 10 సెంటీమీటర్లు, 95 సార్లు. ఇప్పుడు అంత మందమే ఉన్న నాలుగో పట్టీ వేస్తే గట్టిదనం మూడో వంతు పెరుగుతుంది. అప్పుడు నలుగురితో 110 సార్లు, ఖాళీగా అయితే 141 సార్లు. చూశారా, బరువు వేసినప్పుడు కాదు, ఖాళీగా ఉన్నప్పుడే ఎక్కువ బాధ. వదిన ఆసుపత్రికి వెళ్లేది ముగ్గురు మనుషులతో, బస్తాలతో కాదు.

ఖాళీ పల్లెవెలుగు బస్సులో వెనక సీటు మనల్ని ఎగరేసేది కూడా ఇందుకే. దాని కమాన్లు నిండు బస్సు కోసం చేసినవి. పైగా ఆ సీటు వెనక చక్రాలకి అవతల ఉంటుంది. రెండు ఇరుసుల మధ్య కూర్చుంటే కుదుపు తక్కువ.

ఇక పట్టు. మన మారేడుమిల్లి ఘాట్‌లో మలుపులు తెలుసు కదా. మలుపులో బండి బయటి వైపుకి ఒరుగుతుంది. స్ప్రింగు మెత్తగా ఉంటే ఎక్కువ ఒరుగుతుంది, స్టీరింగు తిప్పాక బండి ఆలస్యంగా మాట వింటుంది. అందుకని గట్టి స్ప్రింగు మంచిది అంటారు. కోనసీమలో ఘాట్ లేదు, నేల అంతా చదును. కానీ అక్కడ చాలా రోడ్లు కాలవ గట్టు మీదే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, దాని కాలవలు ఊరూరా ఉన్నాయి. ఒక పక్క కాలవ, ఇంకో పక్క కొబ్బరి తోటో వరి చేనో. ఎదురుగా ట్రాక్టరు వస్తే అంచుకి దిగి మళ్లీ ఎక్కాలి. అక్కడ బండి ఊగిసలాడితే నేరుగా కాలవలోకే. పైగా నల్లరేగడి నేల వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది, రోడ్డు అలలు అలలుగా అయిపోతుంది.

అయితే గట్టి కమానే వేయాలా? ఇక్కడే చాలామంది పొరపడతారు. పట్టు అనేది టైరు నేలని అంటుకుని ఉన్నప్పుడే. గతుకుల రోడ్డు మీద మరీ గట్టి స్ప్రింగు అయితే చక్రం గాలిలోకి లేస్తుంది. లేచిన చక్రానికి బ్రేకూ లేదు, స్టీరింగూ లేదు. నున్నటి హైవే మీద గట్టిది పట్టు ఇస్తుంది, గుంతల గట్టు మీద అదే పట్టు తీసేస్తుంది. సుఖం పోయి, పట్టూ పోతుంది. ఇంకొకటి. వెనక మాత్రమే గట్టి చేసి ముందర అలాగే వదిలేస్తే, జోరుగా మలుపు తిరిగినప్పుడు వెనక చక్రాలు ముందుగా జారే గుణం పెరుగుతుంది. వాన పడ్డ గట్టు మీద అది మంచిది కాదు.

మరి ఊగడం ఎలా ఆపాలి? దానికి వేరే సామాను ఉంది, షాక్ అబ్జార్బరు. షాపుల్లో షాకబ్జర్ అంటారు. లోపల నూనె ఉంటుంది, చిన్న చిల్లుల్లోంచి ఆ నూనె దూరేటప్పుడు ఊపు చల్లారుతుంది. స్ప్రింగు బరువు మోస్తుంది, షాకబ్జరు ఊపు తగ్గిస్తుంది. బండి మూల మీద గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి లేచి నిలిస్తే అది బాగున్నట్టు. రెండు మూడుసార్లు ఊగితే అరిగిపోయినట్టు. అన్న బండి మూడుసార్లు ఊగింది! నూనె కూడా కారి మట్టి అంటుకుని ఉంది.

నా లెక్క చూపించి అన్నతో ఇలా అన్నాను. "అన్నయ్యా, నాలుగో పట్టీ వద్దు. పట్టీల్లో విరిగింది ఉంటే అదే కొలతది వేయించు. షాకబ్జర్లు రెండూ మార్చు. బస్తాలు రెండుసార్లుగా తీసుకెళ్లు." అన్న మొదట నవ్వాడు. రెండుసార్లు అంటే పెట్రోలు రెండింతలు, ఆ డబ్బు ఎవరిస్తారే అన్నాడు. ఆ మాటా నిజమే, నా దగ్గర జవాబు లేదు. కానీ పట్టీ వేసినా బ్రేకులూ టైర్లూ ఇరుసూ పాతవే కదా. కమాను ఒక్కటీ గట్టిపడినంత మాత్రాన బండి ఎక్కువ బరువు మోయగలిగింది అవదు. ఈ మాట విని వదిన, "చిన్నది సరిగ్గానే చెప్తోంది, ముందు షాకబ్జర్లు మార్పించు" అంది. షాకబ్జర్లు మార్చాడు. పట్టీ సంగతి వదిన కాన్పు అయ్యాక చూద్దామన్నాడు. వదినని ఇప్పుడు డ్రైవరు వెనక సీట్లో కూర్చోబెడుతున్నాడు, ఆఖరి సీటు ఎక్కనివ్వట్లేదు.

టైరులో గాలి కూడా ఒక స్ప్రింగే. మెత్తగా ఉంటుందని గాలి తగ్గించి తోలేవాళ్లు ఉన్నారు. టైరు వేడెక్కి పాడవుతుంది, బండి పక్కకి లాగుతుంది. బండి మీద రాసి ఉన్నంత గాలే పెట్టాలి.

లెక్క నమ్మకపోతే ఆదివారం సైన్సు సారుని అడిగి ల్యాబులో స్ప్రింగు తీసుకోండి. సరిగ్గా 9 సెంటీమీటర్లు సాగేలా రాయి కట్టి, కొంచెం లాగి వదిలి, గడియారం పెట్టుకుని ఒకళ్లు లెక్కపెట్టండి, ఒకళ్లు రాయండి. అర నిమిషానికి 50కి దగ్గరగా రావాలి.