గేరు గట్టిగా పడితే గేర్ బాక్సు దించాల్సిందేనా?

మన వార్షికోత్సవ సంచికలో కవితలు, హాస్టల్ జ్ఞాపకాలు ఎలాగూ ఉంటాయి. ఈసారి నేను బండ్ల గురించి రాస్తున్నాను. ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చదివేవాడికి బండ్లతో పనేంటని తమ్ముళ్ళు నవ్వుకోవచ్చు. మన హాస్టల్లో చదివి బయటికి వెళ్ళిన అన్నల్లో బండిని నమ్ముకుని బతికేవాళ్ళు తక్కువేమీ కాదు. ఒకరికి ఆటో, ఒకరికి పల్లెలకు తిరిగే జీపు, ఒకరికి బెంగళూరులో టాక్సీ. కొత్త బండి కొన్నవాళ్ళు అరుదు. సెకండ్ హ్యాండ్ బండి కొన్న నెలలోపే "గేరు పడ్లేదన్నా, చెయ్యి నొప్పి పుడుతోంది" అనే మాట వినిపిస్తుంది. పక్కనే ఉన్న ఎవరో ఒకరు "గేర్ బాక్సు పోయింది, దించాల" అనేస్తారు. దించితే కూలి, సామాన్లు, పైగా బండి నాలుగు రోజులు షెడ్డులో. ఫైనాన్సు కంతు మాత్రం ఆ నాలుగు రోజులు ఆగదు. అందుకే ఈ వ్యాసం.

గేరు గట్టిగా పడటం జ్వరం లాంటిది. జ్వరం వచ్చిన ప్రతివాడికీ ఆపరేషన్ చేయరు కదా! ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

ఇంజను ఒక వేగంతో తిరుగుతుంది, చక్రాలు మరొక వేగంతో తిరుగుతాయి. ఈ రెండింటినీ కలిపేవి గేర్ బాక్సులోని పళ్ళ చక్రాల జతలు. ఇప్పటి కార్లలో ముందుకు నడిపే గేర్ల పళ్ళ చక్రాలు ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే తిరుగుతుంటాయి. మనం గేరు మార్చినప్పుడు ఆ చక్రాలు జరగవు. వాటిని షాఫ్టుకు పట్టించే స్లీవు జరుగుతుంది. స్లీవు లోపలి పళ్ళు గేరు పక్కనున్న చిన్న పళ్ళలోకి దూరాలి. రెండూ ఒకే వేగంతో తిరుగుతుంటేనే మెత్తగా దూరతాయి. లేకపోతే కరకరమని శబ్దం వస్తుంది.

కదిలే ఆర్టీసీ బస్సు ఎక్కేవాణ్ణి చూడండి. బస్సుతో పాటు నాలుగు అడుగులు పరుగెత్తి, వేగం కలిశాక కడ్డీ పట్టుకుంటాడు. నిలబడి పట్టుకుంటే భుజం ఊడుతుంది. గేర్ బాక్సులో ఈ నాలుగు అడుగులు పరుగెత్తించే పని ఒక ఇత్తడి ఉంగరానిది. దాన్నే సింక్రో రింగు అంటారు. మనం గేరు రాడ్డును నెట్టగానే ఆ ఉంగరం గేరు పక్కనున్న శంఖు ఆకారపు భాగాన్ని రాసుకుని, ఆ ఘర్షణతోనే వేగాలను సమానం చేస్తుంది. సమానం అయ్యేదాకా స్లీవును ముందుకు పోనివ్వదు. మన చేతికి తగిలే గట్టిదనంలో కొంత భాగం ఈ ఆపడమే.

ఒక లెక్క చూద్దాం. మూడో గేరు నిష్పత్తి 1.5, రెండో గేరు నిష్పత్తి 2 అనుకోండి. చక్రాల వైపు షాఫ్టు నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంటే, మూడో గేరులో ఇంజను వైపు షాఫ్టు 2250 చుట్లు తిరుగుతుంది. రెండో గేరులోకి రావాలంటే అది 3000 చుట్లకు చేరాలి. ఆ 750 చుట్ల తేడాను సెకనులో చిన్న భాగంలో పూడ్చాల్సింది అరచేతిలో ఇమిడే ఆ ఉంగరమే. పై గేర్ల మధ్య తేడా తక్కువ, కింది గేర్ల మధ్య ఎక్కువ. ఊళ్ళో నడిచే బండికి రెండో గేరే పదే పదే పడుతుంది కాబట్టి చాలా బండ్లలో మొదట అరిగేది రెండో గేరు ఉంగరం.

ఈ ఉంగరం మొదటి నుంచీ లేదు. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లలో సింక్రోమెష్ వచ్చింది. అంతకు ముందు డ్రైవర్లు కాలితోనే ఆ పని చేసేవారు. క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి, క్లచ్ వదిలి, యాక్సిలరేటరు ఒకసారి తొక్కి, మళ్ళీ క్లచ్ తొక్కి కింది గేరు వేయడం. పాత లారీ డ్రైవర్లు దీన్నే డబుల్ క్లచ్ అంటారు. రెండో ప్రపంచయుద్ధం నాటి విల్లీస్ జీపులో రెండు, మూడు గేర్లకే సింక్రో ఉండేది, మొదటి గేరుకు లేదు. ఆ కాలపు జీపు మీ ఊళ్ళో ఇంకా తిరుగుతుంటే, కదులుతుండగా మొదటి గేరు పడటం లేదని దాన్ని తిట్టకండి. అది దాని పుట్టుక. మా నాన్న ఊళ్ళో రైతుల పాత ట్రాక్టర్లు కూలికి నడుపుతాడు. బండి ఆపి గేరు మార్చేవాడే కానీ ఎందుకని ఎప్పుడూ అనుకోలేదు. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదటివాణ్ణి. కోణీయ వేగం అనే పాఠం చదివిన రోజున మా నాన్న కాలికి అది ముందే తెలుసనిపించింది.

ఇక అసలు విషయం. క్లచ్ పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు ఇంజను వేరైపోతుంది. అప్పుడు ఉంగరం వేగం మార్చాల్సింది క్లచ్ ప్లేటు, ఒక షాఫ్టు, దానితో తిరిగే పళ్ళ చక్రాలు, అంతే. ఆ బరువును అది మోయగలదు. క్లచ్ పూర్తిగా విడవకపోతే? ప్లేటు ఇంకా కొద్దిగా ఇంజనుకు అంటుకునే ఉంటే ఆ చిన్న ఉంగరం ఏకంగా ఇంజనుతోనే కుస్తీ పట్టాలి. మన చేతికి గేరు రాయిలా తగులుతుంది. తప్పు క్లచ్చుది, నింద గేర్ బాక్సుకు. అలా నెలల తరబడి నడిపితే ఉంగరం నిజంగానే అరిగి, చివరికి ఆ నింద నిజమవుతుంది.

దీన్ని నేను కళ్ళారా చూసింది ఒక స్పోర్ట్స్ కారులో. మన హాస్టల్ సీనియర్ అన్న ఒకాయన అనంతపురంలో మెకానిక్ షెడ్డు నడుపుతున్నాడు. సెలవుల్లో నేను అక్కడికి పోయి కూర్చుంటాను. పోయిన మే నెలలో ఒక కాంట్రాక్టరు కొడుకు బెంగళూరులో కొన్న పాత స్పోర్ట్స్ కారు తెచ్చాడు. షెడ్డు ముందున్న స్పీడ్ బ్రేకరుకే దాని కడుపు తగిలింది. కంపెనీ పేరు రాయను, తప్పు కంపెనీది కాదు. పొద్దున్నే రెండో గేరు పడదు, రివర్సు వేస్తే కరకర. బెంగళూరులో ఒకచోట చూపిస్తే గేర్ బాక్సు విప్పాలి, లక్ష దాటుతుందని చెప్పారట.

అన్న స్పానరు ముట్టుకోలేదు. ఇంజను ఆపి, కూర్చుని, ఒక్కో గేరూ వేసి చూశాడు. అన్నీ పడ్డాయి, కాస్త బరువుగానే అయినా. ఇంజను స్టార్టు చేసి వేశాడు, గట్టిగా ఉంది. పెడల్ మూడుసార్లు గబగబా తొక్కి మళ్ళీ వేశాడు. ఈసారి మెత్తగా పడింది. "చూసినావా రా? బాక్సు పోయింటే పెడల్ ఎన్నిసార్లు తొక్కితే మాత్రం బాగవుతుందా?" అన్నాడు.

ఆ మూడు పరీక్షల్లోనే సగం వైద్యం ఉంది. ఇంజను ఆపినా గట్టిగానే ఉంటే తప్పు రాడ్డు నుంచి బాక్సు దాకా ఉన్న లింకులు, బుష్షులు, కేబుళ్ళలో వెతకాలి. ఆపితే మెత్తగా, నడిస్తే గట్టిగా ఉంటే క్లచ్ విడవడం లేదు. పదే పదే తొక్కితే బాగుపడుతుంటే హైడ్రాలిక్ క్లచ్చులో గాలి చేరింది, లేదా ఎక్కడో నూనె కారుతోంది. అన్ని గేర్లూ బాగుండి ఒక్కటే కరకరమంటుంటే అప్పుడు ఆ గేరు సింక్రోను అనుమానించాలి.

ఆ కారులో అడుగున ఒకదాని మీద ఒకటి రెండు మ్యాట్లు ఉన్నాయి. పెడల్ చివరిదాకా పోవడమే లేదు! పై మ్యాటు తీశాం. క్లచ్ నూనె డబ్బా తెరిస్తే నూనె టీ డికాక్షన్ లాగా ఉంది. ఈ నూనె గాలిలోని తేమను పీలుస్తుంది కాబట్టి ఏళ్ళ తరబడి మార్చకుండా ఉంచకూడదు. బాక్సు పక్కనుండే చిన్న సిలిండరు సీలు దగ్గర చెమ్మగా ఉంది. సీలు మార్చి, కొత్త నూనె పోసి, గాలి తీశాం. నేను పైన కూర్చుని పెడల్ తొక్కుతుంటే అన్న కింద పడుకుని నిప్పిలు వదులు చేస్తూ బిగిస్తూ "తొక్కు... పట్టుకో... వదులు" అన్నాడు. రివర్సు శబ్దం అంతటితో పోయింది.

మిగిలిన గట్టిదనానికి కారణం వేరే. పాత ఓనరు రేసు కారులా ఉండాలని గేరు రాడ్డు కింది భాగం మార్పించి, రాడ్డు తక్కువ దూరం కదిలేలా చేయించాడు. పదో తరగతిలో చదివిన తులాదండం సూత్రమే ఇది. చెయ్యి కదిలే దూరం మూడింట ఒక వంతు తగ్గితే, చేతి బలం ఒకటిన్నర రెట్లు కావాలి. డబ్బిచ్చి మరీ గేరును గట్టిగా చేయించుకోవడం అన్నమాట! సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కార్లలో ఇలాంటివి మామూలే. దానికి తోడు ఆ కార్లకు క్లచ్ స్ప్రింగులు గట్టివి, ప్లేటు బరువైనది, నెలల తరబడి కదలకుండా నిలబెట్టేవీ ఎక్కువ.

కంపెనీయే మంచి బాక్సు ఇచ్చినా గట్టిగా ఉండొచ్చు. పోర్షే 911లో ఇంజను, గేర్ బాక్సు వెనక ఉంటాయి, గేరు రాడ్డేమో ముందు. మధ్యలో పొడవాటి కడ్డీ, దానికి బుష్షులు. 1972 నుంచి 1986 దాకా దానికి వాడిన 915 అనే బాక్సుకు చలిలో తొందరపెడితే ఒప్పుకోదని పేరు. 1987 మోడలులో జి50 అనే బాక్సు వచ్చింది. అందులో సింక్రో రకం మార్చారు, క్లచ్చును హైడ్రాలిక్ చేశారు. అంత పెద్ద కంపెనీ కూడా ఈ సమస్యను చూసింది ఉంగరం దగ్గర, కాలి దగ్గర.

ఆ కారుకు గేర్ ఆయిలు కూడా మార్చాం. దీని గురించి రెండు మాటలు చెప్పాలి. డబ్బాల మీద జి.ఎల్-4, జి.ఎల్-5 అని ఉంటుంది. 5 పెద్ద అంకె కాబట్టి మంచిదని కొనేవాళ్ళు ఉన్నారు. జి.ఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు ఎక్కువ. వెనక ఇరుసులోని గేర్లపై పడే విపరీతమైన ఒత్తిడికి అవి కావాలి. ఇత్తడి ఉంగరానికి మాత్రం వాటిలో కొన్ని పడవు. ఉంగరం పనిచేసేదే ఘర్షణతో, మరీ జారుడు నూనె పోస్తే పట్టు దొరకదు. చిక్కదనం ఎక్కువైనా పొద్దున చలికి గేరు బిగుసుకుంటుంది. జి.ఎల్-5 పోయమని రాసిన బండ్లూ ఉన్నాయి. అందుకే బండి పుస్తకంలో ఏముంటే అదే. షాపువాడి సలహా, నా సలహా రెండూ అక్కర్లేదు.

ఇంత చేసినా చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు కొద్దిగా గీరుకుంది. "ఈ ఒక్కటీ నిజంగానే అరిగింది సార్. వేడెక్కేదాకా నిదానంగా వేయండి. క్లచ్ ప్లేటు మార్చేటప్పుడు బాక్సు ఎట్లాగూ దిగుతుంది, అప్పుడు చూద్దాం" అని అన్న పంపించాడు. చేయని పనికి డబ్బు అడగలేదు.

కాంట్రాక్టరు కొడుక్కు లక్ష పోయినా కష్టం లేదు. మన జీపు అన్నకు, ఆటో అన్నకు ఉంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల మనది, తుప్పు తక్కువ, దుమ్ము ఎక్కువ. గేరు రాడ్డు చుట్టూ ఉండే రబ్బరు తొడుగు చిరిగితే ఎర్రమట్టి దుమ్ము లోపలికి పోయి గ్రీజుతో కలిసి ఉప్పుకాగితంలా బుష్షులను అరగదీస్తుంది. తొడుగు ధర చిన్నది. బజాజ్ ఆటోలో ఎడమచేతి పిడి తిప్పి గేరు వేస్తాం కదా, ఆ పిడి నుంచి పోయే కేబుళ్ళలోనూ ఇదే దుమ్ము. క్లచ్ కేబులు ఉన్న కార్లలో కేబులు సాగితే పెడల్ పనిచేసే దూరం తగ్గి క్లచ్ విడవదు. చాలాసార్లు నట్టు నాలుగు చుట్లు తిప్పితే సరిపోతుంది.

రాబోయే కాలంలో ఈ బాధ ఉండకపోవచ్చు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019 డిసెంబరులో ప్రారంభమైంది. అప్పుడది మన జిల్లాయే, 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. 2020 సెప్టెంబరులో అక్కడి నుంచి వచ్చిన సోనెట్ కార్లలో ఒక రకానికి గేరు రాడ్డు ఉంది కానీ క్లచ్ పెడల్ లేదు. రాడ్డు మీద చెయ్యి కదలగానే సెన్సరు పసిగట్టి, క్లచ్చును యంత్రమే విడిపిస్తుంది. కరెంటు కార్లకైతే మార్చాల్సిన గేర్లే లేవు. కానీ అవి సెకండ్ హ్యాండులో మనవాళ్ళ చేతికి వచ్చేసరికి ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది.

అందాకా పాత బండి కొనబోయే అన్నలు, తమ్ముళ్ళు పొద్దున్నే పోండి. పగటి ఎండకు, తిరిగిన వేడికి సగం రోగాలు దాక్కుంటాయి. ఇంజను ఆపి గేర్లు వేయండి, స్టార్టు చేసి వేయండి. క్లచ్ తొక్కి అయిదు సెకన్లు ఆగి రివర్సు వేయండి. అప్పటికీ కరకరమంటే క్లచ్ విడవడం లేదనే అనుమానించాలి. ఆ మాట చెప్పి రేటు తగ్గించమని అడగండి. బండి దగ్గరికి పోగానే ముందుగా బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే మీరు వచ్చేలోపే ఎవరో దాన్ని తిప్పి తెచ్చారన్నమాట. రేపు పొద్దున ఇంకా ముందే వస్తామని చెప్పి వచ్చేయండి.