లోలకము చెప్పు పాఠము

కళాశాలలో భౌతికశాస్త్ర విద్యార్థి తొలుత చేయు ప్రయోగములలో లఘులోలకము ఒకటి. దారము, లోహపు గుండు, స్టాప్‌వాచీ: ఇవియే పరికరములు. గుండు కేంద్రము వరకు పొడవు 1 మీటరైనచో 20 డోలనములకు సుమారు 40 సెకనులు పట్టును. దానినిబట్టి గురుత్వ త్వరణము సెకనుకు సెకనుకు 9.8 మీటర్లని తేలవలెను.

కాని వాచీ నొక్కునప్పుడే ‘ఒకటి’ అని లెక్కించిన విద్యార్థి 19 డోలనములనే 20గా తలచును. కాలము 2 సెకనులు తగ్గును. ఫలితము దాదాపు 10.9కి పెరుగును. పుస్తకములోని విలువ అతడు ముందే యెరుగును గనుక అంకెలు దిద్దుటకు మనస్సు ఉవ్విళ్లూరును. దిద్దినచో తప్పు దాగును గాని తొలగదు. చూచినది చూచినట్లు వ్రాసి, ‘సున్న’తో ఆరంభించి మరల లెక్కించిన వానికే అది దొరకును. ప్రయోగశాల నేర్పవలసిన మొదటి పాఠమిదియే.