యంత్రములోని యంత్రమునకు పలుకు తెప్పించుట

తిరుత్తణి 1960వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లానుండి నాటి మదరాసు రాష్ట్రమున చేరినది. అచ్చటి తెలుగు బిడ్డకు ఇంట తెలుగు, వీధిలో తమిళము. 2006వ సంవత్సరపు చట్టము ననుసరించి బడులలో తమిళము దశలవారీగా నిర్బంధ పాఠ్యాంశమైనది. రెండు భాషలు వచ్చుట బిడ్డకు లాభమే. కాని తమిళ లిపియందు క, గ లకు వేరు వేరు అక్షరములు లేవు. ఆ లిపికి ముందుగా అలవాటుపడిన చేయి ‘కాలి’, ‘గాలి’ అను మాటలను తారుమారు చేయవచ్చును. దీనిని దిద్దుటకు నల్లబల్ల చాలదు. చెవికి పని చెప్పవలెను. కావున స్పష్టమైన ఉచ్చారణతో పాఠములు గల పాత సి.డి. యొక్కటి బీరువాలో నున్నచో దానిని పారవేయరాదు.

అయితే విండోస్ 98, విండోస్ ఎక్స్‌పీ నాటి పాఠములు పలువేళల నేటి కంప్యూటరుపై నడువవు. వానికి వర్చువల్ మెషీన్ శరణ్యము. ఇది వర్చువల్‌బాక్స్ వంటి సాఫ్ట్‌వేరు నేటి కంప్యూటరులోపల కల్పించు మరియొక కంప్యూటరు. బయటిదానిని ఆతిథేయి యనియు, లోపలిదానిని అతిథి యనియు పిలుతము. అతిథిలో పాఠము తెరచుకొనును, బొమ్మలు కదలును, గొంతు మాత్రము వినరాదు! పలువు రిచ్చటనే విసిగి సి.డి. చెడినదని తీర్మానింతురు.

సి.డి. చెడియుండనక్కరలేదు. మొదట ఆతిథేయిలో ఏదేని పాట వినబడుచున్నదో లేదో చూడవలెను. పిదప వర్చువల్ మెషీన్ అమరికలలో ధ్వని వెలువరించుటకు అనుమతి యున్నదా యని చూడవలెను. ఈ రెండును సరిగా నున్నను మౌనమే యైనచో, దోషము సాధారణముగా సౌండుకార్డు ఎంపికలో నుండును.

అతిథికి కనబడు సౌండుకార్డు కూడ కల్పితమే. వర్చువల్‌బాక్స్ మూడు విధములైన కార్డులను అనుకరింపగలదు: 1992 నాటి సౌండ్ బ్లాస్టర్ 16, ఇంటెల్ సంస్థ 1997లో రూపొందించిన ఏసీ97 పద్ధతిది, 2004లో వెలువరించిన హెచ్.డి. ఆడియో పద్ధతిది. కార్డు ఎంత క్రొత్తదైన నంత మేలని తలచుట పొరపాటు. 2001లో వెలువడిన ఎక్స్‌పీకి 2004 నాటి కార్డు భాష తెలియదు. అది పరికరముల పట్టికలో పసుపుపచ్చని ప్రశ్నార్థకము చూపి యూరకుండును. ఎక్స్‌పీకి ఏసీ97, విండోస్ 98కి సౌండ్ బ్లాస్టర్ 16, విండోస్ 7కు హెచ్.డి. ఆడియో తగినవి. ఈ మార్పు చేయుటకు అతిథిని పూర్తిగా ఆర్పవలెను, నిద్రబుచ్చిన చాలదు. విండోస్ 98 సౌండ్ బ్లాస్టరును తనంత తాను గుర్తింపనిచో, క్రొత్త పరికరమును చేర్చు విభాగమునకు పోయి పోర్టు 220, ఐ.ఆర్.క్యూ. 5, డి.ఎం.ఏ. 1, హై డి.ఎం.ఏ. 5 అని చేతితో నింపవలెను.

ధ్వని వచ్చియు గరగరలాడినచో కార్డుది తప్పు కాదు. అతిథికి ప్రాసెసరుపై వంతు సకాలమున అందక, ధ్వని నిలువ మధ్యమధ్య ఖాళీ యగుచున్నదని గ్రహింపవలెను. ఆతిథేయిలో తెరచియున్న ఇతర పనులను మూసిన చాలవరకు సర్దుకొనును.

అన్నిటికంటె చిక్కైనది మరియొకటి గలదు. మీటల టిక్కుటిక్కు వినబడును, పాఠము చెప్పు గొంతు వినబడదు. పాత సి.డి.లు కొన్నిటిలో మాటలు పాటల సి.డి.లోవలె ప్రత్యేకమైన ఆడియో ట్రాకులుగా నుండెడివి. నాటి కంప్యూటరులలో సి.డి. డ్రైవునుండి సౌండుకార్డునకు సన్నని తీగ యొకటి పోయి ఆ ధ్వనిని చేరవేసెడిది. అతిథిలో అట్టి తీగ లేదు. పైగా సి.డి.ని ఐ.ఎస్.ఓ. ఫైలుగా నకలు తీసినపుడు డేటా భాగము మాత్రమే వచ్చును. గొంతు అసలు సి.డి.లోనే మిగిలిపోవును. అప్పుడు అమరికలతో కుస్తీ పట్టుట వ్యర్థము. అసలు సి.డి.ని ఆతిథేయిలో పెట్టి, ఆడియో ట్రాకులను వేవ్ ఫైలులుగా తీసి, వానిని నేరుగా తరగతిలో వినిపింపవచ్చును.

ఎక్స్‌పీకి భద్రతా సవరణలు 2014 ఏప్రిల్ 8తో నిలిచిపోయినవి గనుక అతిథికి ఇంటర్నెట్టు ఈయరాదు. పాఠము వినుటకు దాని యవసరమును లేదు.