కలం పేరు పెట్టుకుందామా?

"కవిత పంపిస్తా గానీ, నా పేరు వెయ్యొద్దు." ఈ సెమిస్టర్‌లో మన క్లబ్‌కి ఈ మాట ముగ్గురు చెప్పారు. ఇంట్లో తిడతారని ఇద్దరి భయం. మూడో ఆయన మెల్లగా అసలు సంగతి చెప్పాడు: "ఇంటిపేరు చూడగానే నేనెవరో లెక్కేసేస్తారు. కవిత కూడా ఆ లెక్కతోనే చదువుతారు." నిజమే. "మీరేమిట్లు?" అన్న ప్రశ్న పటమటలో ఎవరికి కొత్త?

దీనికి పాత మందే ఉంది, కలం పేరు. అదీ ప్రకృతి నుంచి తీసుకుంటే ఇంకా మంచిది. వానకీ చెట్టుకీ కులం ఉండదు కదా.

భాగవతుల సదాశివశంకర శాస్త్రి అంటే మనలో ఎందరికి తెలుసు? ఆరుద్ర అంటే తెలుసు. ఆరుద్ర ఒక నక్షత్రం, జూన్ చివర్లో మొదలయ్యే కార్తె. తొలకరి పడ్డాక నేలమీద పాకే మెత్తటి ఎర్రపురుగు కూడా ఆరుద్రే. ఒక్క పేరులో ఆకాశం, వాన, నేల.

1965లో దిగంబర కవులు ఆరుగురూ కొత్త పేర్లతోనే వచ్చారు. వీరవెల్లి రాఘవాచార్యులు జ్వాలాముఖి అయ్యారు, అంటే అగ్నిపర్వతం. కుంభం యాదవరెడ్డి నిఖిలేశ్వర్, బద్దం భాస్కరరెడ్డి చెరబండరాజు అయ్యారు. పాత పేర్లు వినగానే కులం తెలిసిపోతుంది, కొత్తవాటిలో తెలీదు. వారాలకీ ఋతువులకీ కూడా వాళ్లు సొంత పేర్లు పెట్టుకున్నారు. వాళ్ల రెండో సంపుటిని 1966లో మన విజయవాడలోనే హోటల్ కార్మికుడు జంగాల చిట్టి ఆవిష్కరించాడు.

మరి మనం ఎలా ఎంచుకోవాలి?

మీరు కళ్లారా చూసిందే తీసుకోండి. 'తుషార' అని పెట్టుకుంటే మే నెల బెజవాడ ఎండకి రెండు నిమిషాల్లో ఆవిరైపోతారు! మనకి లంకలున్నాయి, వానలు తగ్గాక ఏటిగట్టున తెల్లగా పూసే రెల్లు ఉంది, నల్లరేగడి ఉంది, కొల్లేట్లో గూడబాతులున్నాయి.

పైకి పిలిచి చూడండి. క్యాంటీన్‌లో ఫ్రెండ్ అరిస్తే మీరు వెనక్కి తిరగాలి. మూడు నాలుగు అక్షరాలు చాలు.

ఆ పేరుతో ఇప్పటికే ఎవరైనా రాస్తున్నారేమో వెతకండి.

వెంటనే ఖాయం చేసుకోకండి. ముందు ఆ పేరు కింద మూడు కవితలు రాయండి. నాలుగోది రాసేటప్పుడు ఇబ్బందిగా అనిపిస్తే మార్చేయండి.

ఒక్క మాట. కలం పేరు ముసుగు కాదు. దాని చాటున ఇంకొకరిని తిట్టడానికి లేదు, కాబట్టి అసలు పేరు ఎడిటర్‌కి చెప్పాల్సిందే. మార్కుల లిస్టులో ఎలాగూ పాత పేరే ఉంటుంది. కవిత కింద మాత్రం మీరు ఎంచుకున్న పేరే ఉంటుంది.

ఆ మూడో ఆయన నిన్న కవిత పంపాడు. కింద 'రెల్లుపువ్వు' అని ఉంది. వచ్చే సంచికలో చదవండి. ఎవరని మాత్రం అడక్కండి.