మీకు తెలుసా? సజ్జ గింజలో ఇనుము, పిల్లాడి చిరాకు

పిల్లలు బలపాలు, మట్టి తింటుంటే చేతిమీద ఒకటి వేస్తాం. చాలాసార్లు అది ఇనుము లోపానికి గుర్తు. మెదడులో డోపమైన్ తయారీకి ఇనుము కావాలి. తగ్గితే చిరాకు, పరధ్యానం. మూతి ముడుచుకున్న పిల్లాడిది అంతా మొండితనం కాకపోవచ్చు మరి!

ఆ ఇనుము సజ్జల్లోనూ దొరుకుతుంది. సికింద్రాబాద్‌కు పటాన్‌చెరు ఎంతో దూరం లేదు. అక్కడి పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ కృషితో వచ్చిందే ‘ధనశక్తి’ సజ్జ. మూలం ఆఫ్రికాలోని టోగో నాటు రకం. జన్యుమార్పిడి కాదు, ఇనుము ఎక్కువున్న మొక్కల సంతతిని ఏరి ఏరి నిలిపారు. కిలో గింజల్లో సుమారు 71 మిల్లీగ్రాముల ఇనుము. 2014లో దేశమంతటికీ విడుదలైంది.

అయితే సజ్జ రొట్టె మందుకు బదులు కాదు. డాక్టరు రాసిన ఐరన్ మానకండి.