ఉసిరిక చూర్ణం - పరీక్ష, భద్రత

చూర్ణం రెండు మాసాలు గడిస్తే హీనవీర్యమవుతుందని శార్ఙ్గధర సంహిత చెబుతోంది. విటమిన్-సి నిమిత్తం ఉసిరిక చూర్ణం తయారుచేసి విక్రయించదలచిన గుంటూరు, ప్రకాశం ప్రాంతాల చిన్న ఉత్పత్తిదారులు ముందుగా గ్రహించవలసిన విషయమిది.

చూర్ణానికి ప్రథమ శత్రువు తేమ. కళ్లంలో మంచుకు, వానచినుకుకు తడిసిన మిరపకాయకు బూజు పట్టడం మన రైతులెరిగినదే. కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తాయి. అది కాలేయానికి హానికరం. రంగు, రుచి, వాసనలతో దానిని పసిగట్టలేము. కనుక ప్రతి తయారీ నుండి నమూనా తీసి, గుర్తింపు పొందిన ప్రయోగశాలలో తేమ, సూక్ష్మజీవులు, అఫ్లాటాక్సిన్, విటమిన్-సి పరీక్షింపజేయాలి. సీసం 10 లక్షల భాగాలలో 10 భాగాలకు మించరాదు.

గాలి, వెలుతురు, వేడిమి సోకితే విటమిన్-సి క్షీణిస్తుంది. పలుచని పాలిథిన్ సంచి వీటిని అడ్డుకోలేదు. అల్యూమినియం పొరగల సంచి గాని, బిగుతైన మూతగల గోధుమరంగు గాజుసీసా గాని శ్రేష్ఠం. 100 గ్రాముల పరిమాణం చాలును. దినానికి 3 గ్రాముల చొప్పున సుమారు 33 దినాలకు వస్తుంది. మూత తీసిన చూర్ణం శాస్త్రం చెప్పిన రెండు మాసాలలోపే ముగుస్తుంది.

లేబుల్‌పై ముద్రించిన విటమిన్ పరిమాణం తయారైన నాడే కాక, గడువు ముగిసే నాటికీ నిజం కావాలి. కొన్ని పొట్లాలను మన ఎండలలోనే నిలువచేసి, మాసాల వ్యవధిలో తిరిగి పరీక్షింపజేసిన పిదపనే గడువు నిర్ణయించాలి. రోగి విశ్వసించేది ఆ అక్షరాలనే.